జర్మనీ వెళ్తున్నా, పని మాత్రం వైజాగ్‌దే: ఏ ల్యాప్‌టాప్ కొనాలి?

ప్రశ్న, గాజువాక నుంచి

అందరికీ నమస్కారం. మావారికి మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. ఆయన ముందే వెళ్ళిపోయారు, నేను ఇంకో ఆరు వారాల్లో బయల్దేరాలి. నేను డాబాగార్డెన్స్‌లో ఒక అకౌంట్స్ ఆఫీసులో ఏడేళ్ళుగా చేస్తున్నాను. ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్, అంతే నా లోకం. "అక్కడికెళ్ళినా పని మానక్కర్లేదమ్మా, నీ క్లయింట్లని నువ్వే చూసుకో" అన్నారు మా సార్. ఇన్నాళ్ళూ ఆఫీసు డెస్క్‌టాప్ మీదే నెట్టుకొచ్చాను, సొంత ల్యాప్‌టాప్ లేదు.

బడ్జెట్ 70 వేలు. ద్వారకానగర్‌లో రెండు షాపులు తిరిగాను. ఒకాయన గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే తీసుకోమంటాడు. ఇంకొకాయన ఐ7 లేకపోతే ఫారిన్‌లో పనికిరాదంటాడు, అదేం లెక్కో! మా తమ్ముడేమో "మ్యాక్‌బుక్ కొనేయక్కా, పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అంటున్నాడు. అసలు ఇక్కడికొచ్చాక కొనుక్కోవచ్చు కదా అని మావారు. బుర్ర పనిచేయడం మానేసింది. ఎక్కడ కొనాలి, ఏం చూసుకోవాలి?

జవాబు, సీతమ్మధార నుంచి

అమ్మా, నేను ఆడిటర్ల ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసే పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు తమ్ముడిగారి మాట పక్కన పెడదాం. మ్యాక్‌బుక్ మంచి మెషీనే, కాదనను. కానీ ట్యాలీప్రైమ్ విండోస్ ప్రోగ్రాము. ఇప్పటి మ్యాక్‌లలో యాపిల్ సొంత చిప్ ఉంటుంది కాబట్టి వాటి మీద విండోస్ కావాలంటే ప్యారలల్స్ లాంటిది విడిగా కొనాలి, అప్పుడైనా నడిచేది ఆర్మ్ రకం (ఇంటెల్, ఏఎండీ కాని వేరే రకం చిప్‌ల) విండోసే. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (పెన్‌డ్రైవ్‌లా గుచ్చే సంతకం పరికరం) డ్రైవర్ దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. ఇదే కారణంతో స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు కూడా మీకు వద్దు. సన్నగా, ముచ్చటగా ఉంటాయి, బ్యాటరీ కూడా బాగా నిలుస్తుంది. మామూలు ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి. కానీ డ్రైవర్ అన్నది ఆ చిప్ కోసమే రాసి ఉండాలి, లేకపోతే టోకెన్ గుచ్చినా ఉలుకూ పలుకూ ఉండదు. ఇంటెల్ గానీ ఏఎండీ రైజెన్ గానీ తీసుకోండి.

గ్రాఫిక్స్ కార్డు మీకు దండగ. ట్యాలీకీ ఎక్సెల్‌కీ దాంతో పనే లేదు. బరువు, వేడి, డబ్బు మూడూ పెరుగుతాయి. ఐ5 లేదా రైజెన్ 5 చాలు. ఐ7కి పెట్టే డబ్బు ర్యామ్ మీద పెట్టండి: 16 జీబీకి తగ్గొద్దు. సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకుందామంటే కుదరదు. షాపులో "స్లాట్ ఉందా, సోల్డర్ చేసిందా" అని ఒక్క ముక్క అడగండి. ఫైళ్ళు దాచే ఎస్ఎస్‌డీ 512 జీబీ సరిపోతుంది, దాన్ని తర్వాతైనా మార్చుకోవచ్చు.

ఇంక షాపువాళ్ళు ఎవరూ చెప్పనిది. మీది నంబర్లు కొట్టే పని. 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లలో కుడివైపు నంబర్ ప్యాడ్ సాధారణంగా ఉండదు. 15.6 అంగుళాల వాటిలో చాలావాటికి ఉంటుంది, కానీ మోయాలి. మా ఆఫీసుల్లో అమ్మాయిలు 14 అంగుళాలది కొని, ఏడెనిమిది వందలు పెట్టి విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ తగిలించుకుంటున్నారు. ఇంట్లో బల్ల మీద పనికి అదే సుఖం. అయితే పాత రకం యూఎస్‌బీ రంధ్రాలు రెండైనా ఉండాలి, టోకెన్‌కి ఒకటి, ప్యాడ్‌కి ఒకటి. ఇప్పుడొచ్చే కొన్నింటిలో టైప్-సి తప్ప ఇంకేం ఉండవు, చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్సండీ. నంబర్ ప్యాడ్ సంగతి నాకు తట్టనే లేదు. టోకెన్లంటే గుర్తొచ్చింది. మా ఆఫీసులో క్లయింట్ల టోకెన్లన్నీ ఒక స్టీలు డబ్బాలో ఉంటాయి, ఒక్కోదానికి తెల్ల టేపు చుట్టి పెన్నుతో పేరు రాసి. నావి పదకొండు. అవి నాతో పట్టుకెళ్ళిపోవచ్చా?

జవాబు, సీతమ్మధార నుంచి

వద్దమ్మా! ఆ స్టీలు డబ్బా లేని ఆఫీసు నేను చూడలేదు, అది వేరే సంగతి. కానీ డిజిటల్ సిగ్నేచర్ అంటే ఆ మనిషి సంతకం. ఇంకొకరి దగ్గర ఉండడమే తప్పు, దాన్ని దేశం దాటించడం మరీ తప్పు. సూట్‌కేసు ఒకటి తప్పిపోతే పదకొండు మంది సంతకాలు పోయినట్టే.

లెక్క వేసి చూడండి. జీఎస్టీ రిటర్నుకి సొంత వ్యాపారాలు, భాగస్వామ్య సంస్థలు టోకెన్ లేకుండా ఓటీపీతోనే ఈవీసీ (ఎలక్ట్రానిక్ ధ్రువీకరణ) ఇచ్చేయొచ్చు. టోకెన్ తప్పనిసరి అయ్యేది కంపెనీలకీ, ఎల్ఎల్‌పీలకీ (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్యాలు). మీ పదకొండులో అలాంటివి మూడో నాలుగో ఉంటాయి. రిటర్ను మీరు సిద్ధం చేసి ఉంచండి, సంతకం వాళ్ళ టోకెన్‌తో వాళ్ళ కంప్యూటర్ మీద వాళ్ళనే పెట్టమనండి. మొదటి రెండు నెలలు విసుక్కుంటారు, తర్వాత అలవాటైపోతుంది.

జవాబు, మ్యూనిక్ నుంచి (మాది పెదవాల్తేరు)

అక్కా, నేను ఇక్కడికొచ్చి నాలుగేళ్ళు. మీ పనికైతే కళ్ళు మూసుకుని ఇండియాలోనే కొనండి. కారణం కీబోర్డు.

ఇక్కడ షాపుల్లో అమ్మేవి జర్మన్ కీబోర్డుతో వస్తాయి. వై ఉండాల్సిన చోట జెడ్, జెడ్ ఉండాల్సిన చోట వై. ట్యాలీలో వోచర్ సేవ్ చేయడానికి రోజుకి ఎన్నిసార్లు వై కొడతారో మీకే తెలుసు. ఇంకో తమాషా, నంబర్ ప్యాడ్ మీద చుక్క ఉండదు, కామా ఉంటుంది. వీళ్ళు పైసల ముందు కామా పెడతారు, వేల దగ్గర చుక్క పెడతారు, మనకి సరిగ్గా తిరగేసి. సెట్టింగుల్లో ఇంగ్లీష్ ఇండియా అని పెట్టుకుంటే మన పద్ధతిలోకి వస్తుంది, కానీ మీట మీద అచ్చేసింది ఒకటి, తెర మీద పడేది ఒకటి. నేను మొదటి వారం నా పాస్‌వర్డే కొట్టలేకపోయాను, అందులో జెడ్ ఉంది మరి.

ఇప్పుడు నా గోడు. నేను వచ్చేముందు వైజాగ్‌లోనే ఒక ల్యాప్‌టాప్ కొన్నాను. "ఇంటర్నేషనల్ వారంటీ సార్, ప్రపంచంలో ఎక్కడైనా చేస్తారు" అన్నాడు షాపాయన. ఎనిమిది నెలలకి ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. ఇక్కడి సర్వీసు సెంటర్‌లో సీరియల్ నంబరు కొట్టి చూసి, ఈ మోడల్‌కి వారంటీ ఇండియాలో మాత్రమే అన్నారు. చివరికి సంక్రాంతికి ఊరెళ్తున్న ఒకాయన చేత పంపించాను. బాగై తిరిగొచ్చేసరికి మూడు నెలలు. ఆ మూడు నెలలూ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత పని ముట్టుకోకూడదన్న భయంతో ఫోన్లోనే బతికాను.

కాబట్టి షాపాయన నోటి మాట నమ్మొద్దు. ఒకే కంపెనీలో కూడా ఒక మోడల్‌కి వేరే దేశంలో వారంటీ ఉంటుంది, పక్క మోడల్‌కి ఉండదు. బిజినెస్ సిరీస్‌లలో ఉండే అవకాశం ఎక్కువ. డబ్బు కట్టకముందే పెట్టె మీది సీరియల్ నంబరు ఫోన్‌తో ఫొటో తీసి, కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ పేజీలో కొట్టి చూడండి. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి జర్మనీలో చేస్తారా లేదా అని రాతపూర్వకంగా తెప్పించుకుంటే ఇంకా మంచిది. బిల్లు మీ పేరు మీద, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకోండి.

ప్లగ్గు గురించి అసలు టెన్షన్ పడకండి. కరెంటు ఇక్కడా మనలాగే 230 వోల్టులు. ఛార్జర్ ఇటుక మీద 100-240 అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మన లావు మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం ఇక్కడి గుండ్రటి గుంటలోకి దూరదు. పెద్ద ఛార్జర్లలో ఇటుక నుంచి గోడకి వెళ్ళే వైరు చాలావరకు ఊడొస్తుంది, చివర మూడాకుల్లా మూడు రంధ్రాలు ఉంటాయి చూడండి, ఆ వైరు ఒక్కటి ఇక్కడ కొనుక్కుంటే సరి. మొదటి రాత్రికి మీవారి ఛార్జర్ ఉండనే ఉంది కదా.

జవాబు, మధురవాడ నుంచి

ఇంకో దారి చెప్తాను. డేటా అంతా ఆఫీసు డెస్క్‌టాప్‌లోనే ఉంచి, అక్కడి నుంచి రిమోట్‌గా పనిచేయొచ్చు కదా? అప్పుడు 40 వేల ల్యాప్‌టాప్ కూడా చాలు. విండోస్ ప్రో మీ ల్యాప్‌టాప్‌కి అక్కర్లేదు. రిమోట్ డెస్క్‌టాప్‌కి ప్రో కావలసింది ఆఫీసులో ఉండే మెషీన్‌కే. హోమ్ ఎడిషన్ నుంచి కనెక్ట్ కావచ్చు.

జవాబు, సీతమ్మధార నుంచి

మధురవాడ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికెళ్తే ఆఫీసు మెషీన్‌కి గుచ్చిన టోకెన్ కనిపించదు. ఎనీడెస్క్ లాంటిదైతే అక్కడి తెరనే చూపిస్తుంది కాబట్టి కనిపిస్తుంది. ఈ ఒక్క విషయం తెలియక రాత్రి పదింటికి నాకు ఫోన్లు చేసినవాళ్ళు ఎంతమందో. రెండోది కరెంటు. పోయి వచ్చాక మెషీన్ దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో (మెషీన్ మొదలయ్యే ముందు వచ్చే సెట్టింగుల్లో) పెట్టించుకోవాలి, లేకపోతే మీరు మ్యూనిక్‌లో, బటన్ డాబాగార్డెన్స్‌లో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోనూ లేదు. డేటా ఒక్క ఆఫీసు మెషీన్‌లోనే ఉన్నవాళ్ళ మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే. రిమోట్ పెట్టుకోండి, దాంతోపాటు ట్యాలీలోని క్లయింట్ల డేటా బ్యాకప్ మీ ల్యాప్‌టాప్‌లోకి రోజూ దిగేలా కూడా పెట్టుకోండి. అందుకే 40 వేలది కాకుండా సొంతంగా పని లాగగల మెషీన్ ఉండాలంటున్నాను.

అన్నట్టు, ట్యాలీ లైసెన్సు మీ డెస్క్‌టాప్ మీద ఉండి, అదే మీకిస్తానని సార్ అంటే, ముందు అక్కడ సరెండర్ కొట్టాకే (లైసెన్సు ఆ మెషీన్ నుంచి వదిలించాకే) ల్యాప్‌టాప్‌లో యాక్టివేట్ చేయండి. సిల్వర్ అనే లైసెన్సు ఒక మెషీన్‌కే. రెండింటిలోనూ ఉంచాలంటే ఇంకోటి కొనాల్సిందే. షాపువాళ్ళు "ఫ్రీగా వేసిస్తాం మేడమ్" అనే పెన్‌డ్రైవ్ ట్యాలీ, అంటే దొంగ కాపీ, దగ్గరికి పోవద్దు.

జవాబు, మ్యూనిక్ నుంచి

ఆఫీసువాళ్ళకి ఇంకో మాట కూడా చెప్పి ఉంచండి అక్కా. చలికాలంలో మనం ఇండియాకి నాలుగున్నర గంటలు వెనక, వేసవిలో మూడున్నర. 3బి (నెలవారీ జీఎస్టీ రిటర్ను) గడువు 20వ తారీఖు అర్ధరాత్రి అంటే చలికాలంలో మీకు సాయంత్రం ఏడున్నరే. ఇండియా సిమ్ రీఛార్జి ఆపొద్దు, రోమింగ్ ఆన్ చేయించుకుని రండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి. ఇక్కడి నుంచి ఇండియా పని చేస్తే ఆదాయపు పన్ను ఇక్కడ కూడా లెక్కలోకి వస్తుంది. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది కానీ అది ఇక్కడి ట్యాక్స్ సలహాదారుతో మాట్లాడుకోవాల్సిన సంగతి, ల్యాప్‌టాప్ చర్చలో తేలదు. ప్రయాణంలో ల్యాప్‌టాపూ పవర్ బ్యాంకూ చేతి సంచీలోనే.

జవాబు, కంచరపాలెం నుంచి

సెకండ్ హ్యాండ్ బిజినెస్ ల్యాప్‌టాప్ చూడొచ్చుగా? సగం ధరకే వస్తాయి.

జవాబు, సీతమ్మధార నుంచి

ఊళ్ళో ఉండేవాళ్ళకైతే నేనే ఇప్పిస్తాను. పాడైతే తెచ్చి నా బల్ల మీద పడేస్తారు కాబట్టి. ఈవిడకి వద్దు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతవాటిలో దాదాపు దేనికీ విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. పైగా మన బీచ్ గాలికి పాత మెషీన్ల పోర్టుల్లో తుప్పు. లోపల ఏముందో విప్పితే గానీ తెలియదు.

అమ్మా, చివరిగా ఒకటి. కొనడం ఇప్పుడే కొనేయండి, ప్రయాణం ముందు వారం దాకా ఆగొద్దు. నెలరోజులు రోజూ ఎనిమిది గంటలు వాడండి. ఏ జబ్బున్నా ఇక్కడే బయటపడాలి. షాపుకి వెళ్ళేటప్పుడు ఒక టోకెన్, మీ ఎక్సెల్ ఫైళ్ళలో బాగా బరువైనది ఒకటి పట్టుకెళ్ళండి. డెమో మెషీన్‌లో గుచ్చి, తెరిచి చూడండి.

ప్రశ్న అడిగినవారు, తొమ్మిది రోజుల తర్వాత

కొనేశానండీ. డైమండ్ పార్కు దగ్గర షాపులో. 14 అంగుళాలు, రైజెన్ 5, 16 జీబీ, బిజినెస్ సిరీస్, 66,500 అయింది. నంబర్ ప్యాడ్ విడిగా 750. మీరు చెప్పినట్టే మా సార్‌ని అడిగి ఆయన టోకెన్ తీసుకెళ్ళాను. మొదట చూపించిన మోడల్‌లో రెండు యూఎస్‌బీలూ పక్కపక్కనే ఉన్నాయి. టోకెన్ లావుగా ఉండి, అది గుచ్చితే ప్యాడ్ వైరు దూరలేదు! షాపు కుర్రాడు కూడా తల గోక్కున్నాడు. వెనక్కిచ్చేసి, చెరో వైపు ఒక రంధ్రం ఉన్నది తీసుకున్నాను. వారంటీ సీరియల్ నంబరుతో చూశాను, జర్మనీ ఉందని కంపెనీ మెయిల్ కూడా ఇచ్చింది. నాలుగంకె మీద రూపాయి గుర్తు కూడా ఉందండోయ్.

క్లయింట్లకి సంతకాల సంగతి చెప్పాను. కంపెనీలు నాలుగే తేలాయి. ముగ్గురు సరేనన్నారు. నాలుగో ఆయన "నా టోకెన్ అసలు మీ దగ్గరుందా!" అన్నారు.