వోల్బాకియా దోమలు మన ఎండలకూ ఫాగింగ్‌కూ తట్టుకుంటాయా?

గట్టుమీద: ఇండొనేషియాలోని యోగ్యకర్తను 24 ముక్కలు చేసి 12 చోట్ల, దోమ ఒంట్లో డెంగీ వైరస్‌ను పెరగనివ్వని వోల్బాకియా అనే బ్యాక్టీరియా (డబ్ల్యూమెల్ రకం) ఉన్న ఏడిస్ దోమల్ని వదిలితే అక్కడ డెంగీ 77 శాతం తగ్గింది. విజయవాడ లాంటి ఊళ్లో ఇది కుదురుతుందా? అసలు ఎలా వదులుతారు?

లార్వా_లెక్క: అక్కడ పెట్టింది గుడ్లండీ, పెద్ద దోమలు కావు. రంధ్రాలున్న చిన్న బకెట్, లీటరు నీళ్లు, గుడ్లు అంటుకున్న కాగితం పట్టీ, కాస్త చేపల మేత. రెండు వారాలకోసారి మార్చాలి. నీడ తప్పనిసరి. మేత ఎక్కువైతే నీళ్లు కుళ్లి లార్వాలు చస్తాయి, తక్కువైతే దోమలు గిడసబారతాయి. చీమలు పట్టాయా, ఆ బకెట్ దండగే.

పారామీటర్: అసలు చిక్కు ఎండ. దోమ ఒంట్లో డబ్ల్యూమెల్ వేడికి పలచబడుతుంది. ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్‌లో 2018 నవంబరు వడగాలులకు వోల్బాకియా ఉన్న దోమల శాతం పడిపోయి, కొన్ని నెలలకు కోలుకుంది. మన మే నెల అంత తేలిగ్గా వదలదు. కౌలాలంపూర్‌లో వేడికి ఆగే డబ్ల్యూఆల్బ్‌బి రకం వాడింది అందుకే. పుదుచ్చేరిలోని దోమల పరిశోధన సంస్థ వీసీఆర్‌సీ 2022లో ప్రకటించిన దోమల్లో ఈ రెండు రకాలూ ఉన్నాయి. నా ఓటు రెండోదానికే.

లార్వా_లెక్క: ఎండ సరే, మందు సంగతి? బ్రెజిల్‌లోని రియోలో, తుబియకాంగా అనే చోట మొదట వదిలినవి పైరెత్రాయిడ్లకు (ఒక రకం దోమల మందులకు) చచ్చే దోమలు. స్థానిక దోమలకేమో ఆ మందు ఎప్పుడో అలవాటైంది. వదలడం ఆపగానే వోల్బాకియా జారిపోయింది. స్థానిక దోమలతో సంకరం చేసి, మందు తట్టుకునే గుణం తెచ్చాకే నిలిచింది. మన మున్సిపాలిటీలు ఏళ్లుగా పైరెత్రాయిడ్లతోనే పొగ కొడుతున్నాయి కాబట్టి ముందు స్థానిక దోమల నిరోధకత పరీక్షించాలి.

గట్టుమీద: సింగపూర్‌లోలా మగవే వదిలితే?

పారామీటర్: మగవి కుట్టవు, జనం గొడవ ఉండదు. వాటితో జతకట్టిన స్థానిక ఆడదోమ గుడ్లు పొదగవు. కానీ ఆపితే సంఖ్య మళ్లీ పెరుగుతుంది, కాబట్టి వదులుతూనే ఉండాలి. యోగ్యకర్త పద్ధతిలో అయితే ఆడదోమే పిల్లలకు బ్యాక్టీరియాను అందిస్తుంది, కాబట్టి ఒకసారి నిలిస్తే వదులుతూ ఉండక్కర్లేదు.

నీటితొట్టి: మలేరియాకు దీన్ని లెక్కలోకి తీసుకోకండి, అది అనాఫిలిస్ అనే వేరే దోమ పని. డెంగీకి మాత్రం ఈలోగా శుక్రవారం డ్రై డే (నిల్వ నీళ్లు పారబోసే రోజు) సరిగ్గా చేయాలి. డ్రమ్ము వంచేస్తే చాలదు. గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దాలి. ఖాళీ చేయలేని 200 లీటర్ల వాడకపు నీటి డ్రమ్ముకు 1 శాతం టెమిఫాస్ (లార్వాలను చంపే మందు) గుళికలు 20 గ్రాములు.