ఈస్ట్రోజన్ మాత్ర మొదలుపెడితే థైరాయిడ్ డోసు చాలకుండా పోతుందా?

చామంతి52:
నెలసరి ఆగి ఏడాదిన్నర. రాత్రి 2 గంటలకి ఒళ్ళంతా చెమటతో లేవడం, నైటీ మార్చుకోవడం, దిండు తిరగేసి పడుకోవడం, ఇదీ నా వరస. ఈస్ట్రోజన్ మాత్ర ఇచ్చారు, గర్భసంచి ఉంది కాబట్టి ప్రొజెస్టిరాన్ కూడా. ఆవిర్లు నిజంగానే తగ్గాయి. కానీ 3 నెలలకి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే రక్తపరీక్షలో పెరిగే అంకె) 2.1 నుంచి 7.8కి ఎక్కింది! థైరాక్సిన్, అదే థైరాయిడ్ మాత్ర, పదేళ్లుగా ఒకటే డోసు, పరగడుపునే, ఒక్క రోజు మానలేదు. ఈస్ట్రోజన్ వల్లేనని మా చెల్లి, దానికీ దీనికీ ఏం సంబంధమని నేను. తేల్చండి.

మొండిఘటం:
ఒక హార్మోన్ బయటనుంచి పోస్తే మిగతావి కుదురుగా ఉంటాయా? 2002లో అమెరికాలో, నెలసరి ఆగినవాళ్లకి ఈ హార్మోన్లిచ్చి చూసిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు, రొమ్ము క్యాన్సర్ పెరిగిందని. ఆపేయండమ్మా.

ల్యాబ్‌పిల్లి:
మొండిఘటం గారూ, ఆ ట్రయల్‌లో ఆడవాళ్ల సగటు వయసు 63. పెరిగిన రొమ్ము క్యాన్సర్లు ఏడాదికి 10,000 మందిలో 8. అదీ ఈస్ట్రోజన్‌కి ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ లాంటి మందు) కలిపి ఇచ్చినవాళ్లలో. గర్భసంచి తీసేసి ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్లలో అది పెరగలేదు, పక్షవాతం మాత్రం పెరిగింది. అయినా ఆవిడ అడిగింది థైరాయిడ్ గురించి.

చామంతి గారూ, గెలిచింది మీ చెల్లే. మింగిన ఈస్ట్రోజన్ పేగునుంచి ముందు కాలేయానికి పోతుంది. అక్కడ థైరాయిడ్ హార్మోన్‌ని మోసే ప్రోటీన్ ఎక్కువగా తయారవుతుంది. బస్సుల సంఖ్య పెరిగిందనుకోండి, జనమంతా ఎక్కి కూర్చుంటారు, కిందికి దిగి పనిచేసేవాళ్లు తగ్గుతారు. గ్రంథి బాగున్నవాళ్లకి అది ఇంకొంచెం హార్మోన్ వదిలి సర్దుకుంటుంది. మీకు వచ్చేది మాత్రలోంచే కదా, ఎక్కణ్ణుంచి సర్దుతుంది? చర్మానికి అంటించే ప్యాచ్ అయితే కాలేయం మీద ఈ దెబ్బ దాదాపు ఉండదు.

రెండోకాఫీ:
నాకు ఇంకో రకం. మాత్రతో ఆవిర్లు పోయాయి, వాటితోపాటు కోరిక కూడా పోయింది. సెక్స్ హార్మోన్లని పట్టుకునే ప్రోటీన్ కూడా పెరిగి, స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టిరాన్ తగ్గిందన్నారు. ప్యాచ్‌కి మారాక కొంత నయం.

మొండిఘటం:
ఆ వయసులో నిద్ర లేక, టెన్షన్‌తో కూడా కోరిక తగ్గుతుంది. అన్నీ మాత్ర మీదకి నెట్టేయకండి. (మాత్రని నేను వెనకేసుకురావడమేమిటో!)

ల్యాబ్‌పిల్లి:
ఒప్పుకుంటా, ఒక్క ప్రోటీన్‌తో కోరికని కొలవలేం. ఇంకోటి, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ని మోసే ప్రోటీన్ కూడా ఇలాగే పెరుగుతుంది. రిపోర్టులో మొత్తం కార్టిసాల్ ఎక్కువ కనిపించి లేని జబ్బు కోసం తిరిగేవాళ్లున్నారు. రక్తం తీసేముందు ఏ ఈస్ట్రోజన్ వాడుతున్నారో చెప్పండి.

గుండుసూది:
ప్యాచ్ భజన చాలు. మాత్ర చెడ్డ కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తుంది, మంచిదాన్ని పెంచుతుంది. ప్యాచ్ నాకు దురద, చెమటకి అంచులు లేచిపోయి బట్టలకి అంటుకునేది. ఇక రక్తం గడ్డకట్టే ముప్పు ప్యాచ్‌తో తక్కువంటారే, అది చాలావరకు, వాడేవాళ్లని గమనించి చెప్పిన మాట, చీటీలేసి రెండు గుంపులు చేసి పోల్చింది కాదు.

ల్యాబ్‌పిల్లి:
నిజమే. కానీ గమనించిన చోటల్లా ఫలితం ఒకే వైపుంది, కారణమూ అదే కాలేయం: గడ్డకట్టించే ప్రోటీన్లు తయారయ్యేది అక్కడే. మాత్రతో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) పెరుగుతాయి, అదీ చెప్పాలిగా. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి మాత్ర నేనైతే అడగను. ఏ ఇబ్బందీ లేక మాత్ర పడుతున్నవాళ్లు మారక్కర్లేదు.

చామంతి52:
చెల్లికి ఫోన్ చేసి ఓడిపోయానని చెప్పా. థైరాక్సిన్ కొంచెం పెంచారు. రేపు ప్యాచ్‌కి మారితే ఈ పెంచిన డోసు ఎక్కువైపోదూ?

ల్యాబ్‌పిల్లి:
అవ్వొచ్చు. మారిన 6 నుంచి 8 వారాలకి టీఎస్‌హెచ్ మళ్ళీ చేయించండి. గుండె దడ, చేతులు వణకడం మొదలైతే అప్పటిదాకా ఆగకండి.