మాట పోయిన మా అత్తమ్మ బతుకమ్మ ఉయ్యాల పాట మొత్తం పాడుతోంది, ఇదెట్లా? మాట కూడా తిరిగి వస్తుందా?

హన్మకొండ కోడలు:
అందరికీ నమస్తే. మా అత్తమ్మకు ఎండాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. ఫిజియోథెరపీతో ఇప్పుడు కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తోంది కానీ మాట మాత్రం రావడం లేదు. మనం చెప్పేది అర్థమవుతుంది, ఏదో చెప్పాలని నోరు తెరుస్తుంది, "ఆ... ఆ..." దగ్గరే ఆగిపోతుంది. కోపం వస్తే ఒక తిట్టు వస్తుంది, "అయ్యో రామా" వస్తుంది, అంతే. నీళ్లు కావాలన్నా చేత్తో చూపించాల్సిందే, మాకు అర్థం కాకపోతే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

ఆమె పుట్టిల్లు పరకాల దగ్గర పల్లె. బతుకమ్మ వచ్చిందంటే మా వాడకట్టులో పాట ఎత్తుకునేది ఆమే, మిగతా వాళ్లంతా ఆమె వెనకే అనేవాళ్లు. మొన్న మా పాప స్కూల్లో పాడాలని ఒక ఉయ్యాల పాట ప్రాక్టీస్ చేస్తుంటే మంచం మీది నుంచి అత్తమ్మ గొంతు కలిపింది. ఉత్త "ఉయ్యాలో" అంటోందేమో అనుకున్నాం, కాదు, మాటలన్నీ అంటోంది, పాప మర్చిపోయిన చోట కూడా ఆమే అందుకుంది. పాట అయ్యాక "అత్తమ్మా, నీ పేరు చెప్పు" అంటే మళ్లీ "ఆ... ఆ...".

ఇది చూసిన దగ్గరి నుంచి చుట్టాలు కొందరు "పాట పాడే మనిషికి మాట్లాడరాదా, కావాలని మొండికేస్తోంది" అంటున్నారు. ఆ మాట ఆమె ముందే అంటున్నారు, నాకు చాలా బాధగా ఉంది. పాట ఎట్లా వస్తోంది? దాన్ని పట్టుకుని మాట తెప్పించే దారి ఏమైనా ఉందా? ఇంకొకటి, ఈసారి బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడికి తీసుకుపోవచ్చా, వద్దా?

స్పీచ్ థెరపిస్టు, వరంగల్:
చెల్లె, ముందు ఆ చుట్టాలకు గట్టిగా చెప్పండి, ఆమె కావాలని చేయడం లేదు. దీన్ని అఫేసియా అంటారు. చాలామందికి మాటను నడిపే భాగాలు మెదడులో ఎడమవైపు ఉంటాయి, శరీరంలో కుడివైపును కదిలించేది కూడా ఆ వైపే, అందుకే కుడి చెయ్యి పడిపోయినవాళ్లలో చాలామందికి మాట దెబ్బతింటుంది. అర్థం చేసుకునే శక్తి చాలావరకు మిగిలి, చెప్పే శక్తి పోతే మీ అత్తమ్మ లాగే ఉంటుంది, లోపల మాట ఉంటుంది, బయటికి రాదు. తిట్లు, దేవుడి పేర్లు, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టడం, వారాల పేర్లు, చిన్నప్పటి నుంచి పాడిన పాటలు మాత్రం తడుముకోకుండా వచ్చేస్తాయి, ఎందుకంటే అవి ఒక్కో మాట వెతుక్కుని కూర్చేవి కావు, మొత్తం ఒక్క ముద్దగా నోటికి అలవాటైనవి. పాటకు మెదడు కుడివైపు నుంచి కూడా సాయం అందుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. 18వ శతాబ్దంలోనే స్వీడన్‌లో ఒకాయన గురించి రాసిపెట్టారు, కుడివైపు పడిపోయి మాట పోయిన మనిషి, ముందు ఎవరైనా కాస్త అందిస్తే ప్రార్థన గీతాలు స్పష్టంగా పాడేవాడట. 1973లో అమెరికాలోని బోస్టన్‌లో ముగ్గురు నిపుణులు దీన్ని ఒక చికిత్సగా తయారుచేశారు, మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ అంటారు. 2011లో తలకు తూటా తగిలి మాట పోయిన అమెరికా పార్లమెంటు సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్‌కు కూడా మాట కోసం పాటల సాయం తీసుకున్నారు.

ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి. పాత పాటలు ఎన్ని పాడించినా వాటంతట అవి మాటలుగా మారవు. అవి ఆమెకు ధైర్యం ఇస్తాయి, గొంతు కదిలిస్తాయి, రోజూ పాడించండి. మాట కోసం మాత్రం రోజూ పనికొచ్చే చిన్న మాటలను పాటలో పెట్టాలి. "నీళ్లు కావాలె", "బయటికి పోదాం", "కాలు గుంజుతోంది" లాంటివి, ఆమె ఇంట్లో ఎట్లా అనేదో అట్లాగే. రెండే స్వరాలు చాలు, ఒకటి కింద, ఒకటి కాస్త పైన. అక్షరం అక్షరానికి ఆమె ఎడమ చేతిని తొడ మీద మెల్లగా తట్టించండి. ముందు మీరు కూనిరాగం తీయండి, తర్వాత ఇద్దరూ కలిసి అనండి, తర్వాత సగంలో మీరు ఆగిపోండి, ఆమెను పూర్తి చేయనివ్వండి. అది కుదిరాక "ఏం కావాలె?" అని అడగండి. జవాబు మొదట్లో పాటలాగే వస్తుంది, రానివ్వండి, రాగం తర్వాత మెల్లగా తగ్గించవచ్చు.

డోలు దెబ్బ, జనగామ:
నాకు ఆ చికిత్స గురించి తెలియదు కానీ మా బాపు సంగతి చెబుతాను. మాది ఒగ్గు కథ చెప్పే ఇల్లు, బాపు బీరప్ప కథ రాత్రంతా చెప్పేవాడు. ఇప్పుడు పార్కిన్సన్స్, ఒళ్లు వణికి నడక బిగుసుకుపోయే జబ్బు. గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోతాయి, ఎంత చెప్పినా అడుగు పడదు, గుంజితే పడిపోతాడు. ఒకరోజు మా తమ్ముడు ఊరికే డోలు మీద నడక దరువు వేస్తుంటే ఆ దెబ్బకు అడుగు వేసుకుంటూ గడప దాటిపోయాడు. డాక్టర్‌ను అడిగితే అది నిజమే, తాళం బయటి నుంచి వినిపిస్తే నడక అందుకుంటుంది, విదేశాల్లో దీనితో నడక నేర్పిస్తారు అన్నాడు. ఇప్పుడు ఫోన్‌లో ఆ దరువు రికార్డు చేసి పెట్టుకున్నాం. పక్కన ఒక మనిషి మాత్రం ఎప్పుడూ ఉండాల్సిందే, అక్కా.

తంగేడుపువ్వు, జగిత్యాల:
గుడి సంగతి నేను చెబుతాను. ఎంగిలిపూల నాటి సాయంత్రం అక్కడ నిలబడడానికి కూడా జాగ ఉండదు, పైగా ఇప్పుడు ఎక్కడ చూసినా డీజే. డీజే పెట్టాక పాట ఎత్తుకునే మనిషి అవసరమే లేకుండా పోయింది, అందరూ చప్పట్లు కొట్టేవాళ్లే. నాకు దీని మీద చాలా కోపం ఉంది, ఎందుకంటే ఉయ్యాల పాటలో ఒకరు అంటే పదిమంది తిరిగి అనాలి, మర్చిపోయినవాళ్లను పక్కవాళ్ల గొంతు లాక్కుపోతుంది, మీ అత్తమ్మకు ఇప్పుడు కావాల్సింది సరిగ్గా అదే. ఆ మోతలో ఆమె గొంతు ఆమెకే వినిపించదు.

మీ వాకిట్లోనే చిన్న బతుకమ్మ పేర్చండి. తంగేడు, గునుగు ఎడమ చేత్తో అందివ్వమనండి. వాడకట్టులో ఆమె వయసు వాళ్లను పిలిచి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ తిరుగుతూ పాడండి. ఆమె పాటలు మీ ఫోన్‌లో రికార్డు చేయండి, అవి ఆమెతోనే పోకూడదు. కానీ ఇవన్నీ ఆమెను అడిగి చేయండి, తల ఊపినా చాలు. మా పెద్దమ్మకు ఇట్లాగే అయినప్పుడు వచ్చిన ప్రతివాళ్లూ "ఏదీ, ఒక పాట పాడు" అనేవాళ్లు, ఆమె ముఖం గోడకు తిప్పుకునేది. పాట వస్తోంది కదా అని వచ్చినవాళ్లందరి ముందు పాడించకండి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు, హుస్నాబాద్:
పై చెల్లెలు చెప్పిన పూల మాట నాకు బాగా నచ్చింది. మన పాటలు చాలావరకు చేతి పనితో పుట్టినవే, నాటు వేసేటప్పుడు, దంచేటప్పుడు, విసిరేటప్పుడు. పాల్కురికి సోమన కాకతీయుల కాలంలోనే తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, రోకటి పాటల గురించి రాశాడు, ఆయనది జనగామ దగ్గరి పాలకుర్తే. ఆ పాటలు పాడిన ఆడవాళ్లు కాగితం చూసి నేర్చుకోలేదమ్మా, చెయ్యి ఆడుతుంటే నోరు ఆడింది. మీ అత్తమ్మ చేతికి కూడా పని ఇస్తూ పాడించి చూడండి.

హన్మకొండ కోడలు:
అందరికీ చాలా థ్యాంక్స్. "కావాలని చేయడం లేదు" అన్న జవాబు మా ఆయనకు, మా ఆడబిడ్డకు చదివి వినిపించాను, అత్తమ్మ పక్కనే ఉంది, విని గట్టిగా తల ఊపింది. థెరపిస్టు గారూ, ఒక సందేహం. పాపతో పాడించాలా, నేను పాడాలా? పాప గొంతు బాగుంటుంది కానీ అత్తమ్మకు అందడం లేదు.

స్పీచ్ థెరపిస్టు, వరంగల్:
పిల్లల గొంతు ఎత్తులో ఉంటుంది, అందుకే అందడం లేదు. అత్తమ్మ తనంతట తాను ఏ ఎత్తులో అందుకుంటుందో చూసి అక్కడి నుంచే మొదలుపెట్టండి. మీ ఆడబిడ్డ గొంతు తల్లి గొంతుకు దగ్గరగా ఉంటే ఆమెనే ముందు కూర్చోమనండి, నోటి కదలిక అత్తమ్మకు కనిపించాలి. మామూలు కన్నా నెమ్మదిగా పాడండి, టీవీ ఆపేయండి, అలసిపోతే వదిలేయండి, ఒకేసారి ఎక్కువసేపు కన్నా రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా మంచిది. మొదటి వారం మూడు నాలుగు మాటలకు మించి పెట్టుకోవద్దు. మొదటి నెలల్లో మెదడు బాగా కోలుకుంటుంది కాబట్టి ఆలస్యం చేయకుండా స్పీచ్ థెరపిస్టుకు ఒకసారి నేరుగా చూపించండి, అత్తమ్మను చూసే న్యూరాలజీ డాక్టర్‌నో, పెద్దాసుపత్రి ఈఎన్‌టీ విభాగంలోనో అడిగితే చెబుతారు. ఆమె పాడిన వీడియో ఉంటే వెంట తీసుకుపోండి, ఆమె ఏ మాటలు స్పష్టంగా అంటోందో చూసి అక్కడి నుంచే మొదలుపెడతారు.