మెరిడా అంటే ఏ మెరిడా? స్పెయిన్‌లోదా, మెక్సికోలోదా, వెనిజులాలోదా?

పటాలప్రియ అడిగారు:

అందరికీ నమస్కారం. స్పానిష్ మాట్లాడే దేశాల చరిత్ర కొన్నాళ్లుగా ఇష్టంగా చదువుతున్నాను. అన్నీ బాగానే ఎక్కుతున్నాయి కానీ మెరిడా అన్న పేరు కనబడితే చాలు, అక్కడ ఆగిపోతున్నాను. ఒక వ్యాసంలో రోమన్ల నాటకశాల ఉన్న ఊరు అంటారు. ఇంకోదాంట్లో మాయా జాతి వాళ్ల కట్టడాలు పడగొట్టి ఆ రాళ్లతో చర్చి కట్టిన ఊరు అంటారు. మరోదాంట్లో ఆండీస్ కొండల్లో కేబుల్ కార్ ఉన్న ఊరు అంటారు. మూడూ వేరే దేశాలని తెలుసు, అది కాదు నా డౌట్. ఒక ఊరి జనమే వలస పోయి మిగతా రెండూ పెట్టుకున్నారా, లేక పేరు కలవడానికి ఇంకేదైనా కారణం ఉందా? అలాగే దేశం పేరు చెప్పకుండా ఉత్త "మెరిడా" అని రాస్తే చదివేవాళ్లు ఎలా పోల్చుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

గ్వాడియానా గట్టు:

అసలు మెరిడా స్పెయిన్‌దేనండీ. క్రీ.పూ. 25లో అగస్టస్ చక్రవర్తి హయాంలో, ఉత్తర స్పెయిన్ యుద్ధాల్లో పోరాడి సర్వీసు పూర్తిచేసుకున్న సైనికులకు గ్వాడియానా నది ఒడ్డున భూములిచ్చి కట్టించిన ఊరు అది. అప్పటి పేరు అగస్టా ఎమెరిటా, ఎమెరిటా అంటే ఆ రిటైరైన సైనికులే. తర్వాత అరబ్బుల పాలనలో మారిదా అయింది, అది తిరిగి తిరిగి మెరిడాగా స్థిరపడింది. నదిమీద రోమన్ వంతెన ఇప్పటికీ ఉంది, పొడవు సుమారు 790 మీటర్లు.

ఇప్పుడు ఈ ఊరు ఎక్స్‌ట్రిమదూరా ప్రాంతానికి రాజధాని. అమెరికా ఖండాన్ని ఆక్రమించడానికి వెళ్లినవాళ్లలో పెద్ద పేర్లు చాలావరకు ఈ ప్రాంతానివే. మెక్సికోని జయించిన కోర్తెస్‌ది మెడెయిన్ ఊరు, పెరూని జయించిన పిసారోది త్రుహీయో ఊరు. వెళ్లినవాళ్లు వెళ్లినచోటల్లా సొంతూరి పేరు పెట్టుకున్నారు. మీ ప్రశ్నకి జవాబు ఇంతే.

రాతికోట:

పైన చెప్పిన రోమన్ల సంగతంతా కరెక్టే, కానీ ఆ చివరి మాట మెక్సికో మెరిడాకి అస్సలు వర్తించదు. మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే అసలు కథ పోతుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మెక్సికోలోని యుకతాన్ ప్రాంతంలో మెరిడాని 1542 జనవరి 6న స్థాపించింది చిన్న ఫ్రాన్సిస్కో దె మొంతెహో. ఇతనికీ, ఇతని పేరే ఉన్న తండ్రికీ స్పెయిన్ మెరిడా సొంతూరు కాదు. తండ్రిది సలమాంకా. సొంతూరి పేరు పెట్టాలన్న ముచ్చట పెద్ద మొంతెహోకి గట్టిగానే ఉండేది, 1527లో యుకతాన్ తీరంలో దిగి పెట్టిన మొదటి మకాంకి సలమాంకా అనే పేరు పెట్టాడు, అది నిలవకపోతే తర్వాతి మకాంకీ అదే పేరు. మరి కొడుకు శాశ్వతమైన ఊరు కట్టేసరికి సలమాంకా పోయి మెరిడా ఎందుకొచ్చింది?

ఎందుకంటే అతను దిగింది ఖాళీ నేలమీద కాదు. అక్కడ తిహో అనే మాయా నగరం ఉండేది, పెద్ద పెద్ద రాతి దిబ్బలు, వాటి మీద శిథిలమైన కట్టడాలు. వాటిని చూడగానే ఆ స్పానిష్ వాళ్లకి తమ దేశంలో అంతటి పాత రాతి కట్టడాలున్న ఊరు మెరిడానే గుర్తొచ్చింది. అప్పట్లో స్పెయిన్ మెరిడాలో ఏం కనబడేదో కూడా ఒకసారి ఊహించుకోండి. నీళ్లు తెచ్చే రోమన్ కాలువ తాలూకు పొడవాటి స్తంభాలు నిలబడి ఉండేవి. ఇవాళ అందరూ ఫొటోలు తీసుకునే నాటకశాల మాత్రం మట్టిలో పూడిపోయి ఉంది, పై వరస మెట్ల ముక్కలు మాత్రమే బయటికి పొడుచుకొచ్చి కనబడేవి. ఊరి జనం వాటిని "ఏడు కుర్చీలు" అనేవాళ్లు. తవ్వి బయటికి తీయడం 1910లో గానీ మొదలవలేదు.

ఇక తిహో గతి తెలిసిందే. ఆ రాళ్లనే పీకి కొత్త ఊరు కట్టారు. మెరిడా కెథడ్రల్ 1598కి పూర్తయింది, దాని గోడల్లో ఉన్నవి మాయా కట్టడాల రాళ్లే. దాని ఎదురుగా ఉన్న చౌక్‌లో మొంతెహోల ఇల్లుంది, ముఖద్వారం 1549 నాటిది. తలుపు మీది భాగంలో ఈటెలు పట్టుకున్న ఇద్దరు స్పానిష్ సైనికులు మనుషుల తలల మీద కాళ్లు పెట్టి నిలబడినట్టు చెక్కారు. ఊరి నడిబొడ్డున ఇప్పటికీ అలాగే ఉంది. అది చూశాక "సొంతూరి పేరు పెట్టుకున్నారు, అంతే" అనడానికి నాకు మనసొప్పదు. ఇంకో మాట, మాయా భాష మాట్లాడేవాళ్లు ఆ ఊరిని ఇప్పటికీ "హో" అనే అంటారు. పాత పేరు పోలేదు, మ్యాపుల్లో కనబడదంతే.

కొండదారి:

వెనిజులా మెరిడా విషయంలో మాత్రం సొంతూరి లెక్క సరిపోతుంది. స్థాపించిన హువాన్ రోద్రిగెస్ సువారెస్ పుట్టింది స్పెయిన్ మెరిడాలోనే. ఇప్పుడు కొలంబియాలో ఉన్న పాంప్లోనా నుంచి బంగారం, గనులు వెతకడానికి అని బయల్దేరాడు. ఊరు పెట్టే అధికారం ఎవరూ ఇవ్వలేదు. అయినా 1558 అక్టోబర్‌లో తన ఊరి పేరుతో ఒక ఊరు పెట్టేశాడు. అది పైవాళ్లకి కోపం తెప్పించింది. పట్టుకురమ్మని హువాన్ మల్దొనాదో అనే ఇంకో కెప్టెన్‌ని పంపారు. అతను ఇతన్ని బొగోటాకి పంపించేసి, ఊరిని వేరేచోటికి మార్చాడు కానీ మెరిడా పేరు మాత్రం ఉంచేశాడు. బొగోటాలో ఇతనికి మరణశిక్ష వేశారు, జైల్లోంచి తప్పించుకుని పారిపోయాడు. ఎక్కడికంటే త్రుహీయోకి! స్పెయిన్‌ది కాదు, వెనిజులా త్రుహీయో. దాన్ని పెట్టిన దియేగో గార్సియా దె పారెదెస్ స్పెయిన్ త్రుహీయోలో పుట్టినవాడు. ఎక్స్‌ట్రిమదూరా వాడికి ఎక్స్‌ట్రిమదూరా వాడే ఆశ్రయమిచ్చాడు, తిప్పి పంపమంటే పంపలేదు. అమెరికా ఖండంలో రాజకీయ ఆశ్రయం ఇచ్చిన తొలి సందర్భం ఇదేనని వెనిజులాలో చెప్పుకుంటారు. నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన ఘట్టం ఇదే.

మీరు చదివిన కేబుల్ కార్ ఈ ఊరిదే. దాదాపు 1,600 మీటర్ల ఎత్తున మొదలై 4,765 మీటర్ల ఎస్పెహో శిఖరం దాకా, పన్నెండున్నర కిలోమీటర్లు. 1960లో మొదలైంది, 2008లో మూసేశారు, మళ్లీ కట్టి 2016లో తెరిచారు.

పటాలప్రియ:

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండీ అందరికీ. మొంతెహో సలమాంకా వాడన్న పాయింట్‌తో చాలా చిక్కులు విడిపోయాయి. ఒక్క చిన్న డౌట్ మిగిలింది. నిన్న చదివినదాంట్లో ఒకాయన్ని "మెరిడెన్యో" అన్నారు. అంటే ఏ మెరిడా ఆయన?

గ్వాడియానా గట్టు:

ఎక్కువగా వెనిజులా ఆయనే అయ్యుంటాడు, కానీ ఆ ఒక్క మాటతో తేల్చెయ్యకండి, స్పెయిన్ మెరిడా వాళ్లనీ అలా అంటారు. వాళ్లకి ఎమెరితెన్సె అనే మాట కూడా ఉంది, అది కనబడితే కచ్చితంగా స్పెయినే. మెక్సికో వాళ్లయితే మెరిడానో. ఊరి పేరు ఒకటే అయినా జనాన్ని పిలిచే పేరు తేడాగా ఉండటం ఇక్కడ బాగా పనికొస్తుంది.

మిగతాది చుట్టుపక్కల పేర్లు పట్టిస్తాయి. బదహోస్, కాసెరెస్ ఉంటే స్పెయిన్. కంపేచె, హెనికెన్ నార తోటలు, మాయా పేర్లు వస్తే మెక్సికో. 1812 భూకంపం అన్నా, 1813లో స్వాతంత్ర్య పోరాట నాయకుడు బొలీవర్ వచ్చాడన్నా వెనిజులా, ఎందుకంటే ఆయన్ని లిబెర్తదోర్ (విమోచకుడు) అని మొదట పిలిచింది అక్కడే. ఎవరైనా విమానం టికెట్ బుక్ చేస్తుంటే మాత్రం కోడ్ చూడాల్సిందే, మెక్సికోది ఎం ఐ డి, వెనిజులాది ఎం ఆర్ డి. స్పెయిన్ మెరిడాకి సొంత ఎయిర్‌పోర్టే లేదు, దగ్గర్లోది బదహోస్.

రాతికోట గారు చెప్పిన జాగ్రత్త మెడెయిన్‌కీ వర్తిస్తుంది. కొలంబియా మెడెయిన్‌కి ఆ పేరు అక్కడికి వలస వెళ్లినవాళ్ల వల్ల రాలేదు. 1675లో ఊరి హోదా వచ్చేటప్పుడు, స్పెయిన్‌లో ఇండీస్ కౌన్సిల్ (అమెరికాలోని వలసల పాలన చూసే మండలి) అధ్యక్షుడిగా ఉన్న మెడెయిన్ కౌంట్ అనే ప్రభువు గౌరవార్థం పెట్టారు. తర్వాత దాని సంగతి చదవాలనుకుంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి.