జెనాన్ హెడ్‌లైట్లు కిందకి కొడుతున్నాయి, స్క్రూ తిప్పితే సరిపోతుందా? (కడప)

గండికోట గాలి:
అన్నలకు నమస్కారం. మాది కడప. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 2011 స్కోడా సూపర్బ్ కారు నాది, బై-జెనాన్ లైట్లు, స్టీరింగ్‌తో పాటు తిరిగే రకం. ఈమధ్య ఇక్కడే ఒక గ్యారేజీలో ముందు షాకబ్జర్లు, లోయర్ ఆర్ములు మార్పించి అలైన్‌మెంట్ చేయించాను. అప్పటి నుంచి వెలుగు బండి ముందు పదిహేను మీటర్లకే కత్తిరించినట్టు ఆగిపోతోంది, అవతలంతా చీకటి. మొన్న రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు మలుపు అవతల ఏముందో కనపడక ప్రాణం అరచేతిలో పెట్టుకుని దిగాను, వెనక లారీలవాళ్ళు ఒకటే హారన్. డ్యాష్‌బోర్డులో ఏఎఫ్ఎస్ (మలుపుల్లో తిరిగే లైట్ల సిస్టమ్) గుర్తు కూడా మెరుస్తోంది.

గ్యారేజీకి పోతే "ఏం లేదు సార్, స్క్రూ తిప్పి పైకి లేపేస్తాం, ఐదు నిమిషాల పని" అన్నారు. ఎదురొచ్చే వాళ్ళ కళ్ళలో కొడతాయేమోనని నేను వద్దన్నాను. ఫోన్‌లో బ్లూటూత్ యాప్ పెట్టి చూస్తే ఏ తప్పూ లేదంటోంది, కానీ ప్రొద్దుటూరులో తెలిసినాయన దగ్గర పెద్ద స్కానర్ పెట్టిస్తే రెండు కోడ్లు వచ్చాయి, 00774, 01539. వీటి అర్థమేంటి, ముందు ఏం చేయాలి? స్క్రూ తిప్పించుకోవచ్చా?

అనంత డీజిల్:
తిప్పించకు తమ్ముడూ, మంచి పని చేశావు వద్దని.

00774 అంటే వెనక ఎడమ వైపు లెవెల్ సెన్సర్. 01539 అంటే లైట్ల సెట్టింగ్ జరగలేదని. మామూలు యాప్‌లు ఇంజన్ కోడ్లు మాత్రమే చదువుతాయి, లైట్ల మాడ్యూల్ (లైట్లను నడిపే చిన్న కంప్యూటర్) జోలికి పోవు, అందుకే నీ ఫోన్‌లో ఏమీ కనపడలేదు.

సంగతేంటంటే, ఈ లైట్లు ఎంత ఎత్తుకు కొట్టాలో స్క్రూ ఒక్కటే నిర్ణయించదు. ముందొకటి వెనకొకటి సస్పెన్షన్ ఆర్ముకు సెన్సర్లు ఉంటాయి. డిక్కీలో బియ్యం మూటలేస్తే వెనక దిగి ముందు లేస్తుంది కదా, అప్పుడు సెన్సర్ చెప్తే లోపలి మోటారు లైటును కిందకి వంచుతుంది. సెన్సర్ మాట అందకపోతే బండి ఎటు వంగి ఉందో మాడ్యూల్‌కు తెలియదు, ఎవరి కళ్ళలోనూ కొట్టకూడదని లైట్లను బాగా కిందకి దించి పెట్టేస్తుంది, మలుపుల్లో తిరగడం కూడా ఆపేస్తుంది. నీకు జరుగుతున్నది అదే. ఇప్పుడు ఆ దించిన లైట్లను స్క్రూతో పైకి లేపావనుకో, రేపు సెన్సర్ బాగైన రోజు మోటారు తన చోటికి వస్తుంది, నువ్వు లేపింది దానికి తోడై నేరుగా ఎదుటివాడి ముఖంలోకి పోతుంది. ఎన్‌హెచ్ 44 మీద గుత్తి దగ్గర రాత్రిపూట అట్లాంటి బండి ఎదురైతే రెండు మూడు క్షణాలు రోడ్డే కనపడదు. నాకు ఈ విషయంలో నిజంగా కోపం వస్తుంది.

వెనక ఎడమ చక్రం లోపల టార్చి వేసి చూడు. ఆర్ముకూ సెన్సర్‌కూ మధ్య వేలంత సన్నని కడ్డీ ఉంటుంది, రెండు కొసల్లో చిన్న బంతి కీలు. చేత్తో కదిపితే తేలిగ్గా ఆడాలి. తుప్పు పట్టి బిగుసుకుపోయిందా, విరిగి వేలాడుతోందా, ప్లగ్ ఊడిందా చూడు. అలైన్‌మెంట్ చేసేటప్పుడు వెనక ఆర్ముల బోల్టులు కూడా కదిలిస్తారు, ఈ కడ్డీని ఎవరూ పట్టించుకోరు.

బురుజు కింద:
కర్నూలు నుంచి. పై అన్న చెప్పిందానికి కలుపుతున్నా. సెన్సర్ సరిచేశాక కూడా పని అయిపోదు, బేసిక్ సెట్టింగ్, అంటే లైట్ల మూలస్థానాన్ని మాడ్యూల్‌కు నేర్పడం, చేయించాలి. మీ బండికి వీసీడీఎస్ (స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బళ్ళ స్కానర్ సాఫ్ట్‌వేర్) ఉన్నవాడు కావాలి. అందులో లైట్ల మాడ్యూల్ ఉండే 55వ అడ్రస్‌లోకి పోయి, బేసిక్ సెట్టింగ్‌లో 001 గ్రూపు నొక్కితే లైట్లు తమ మూలస్థానానికి వచ్చి అక్కడే ఆగుతాయి. స్క్రూ తిప్పాల్సింది అప్పుడు, అప్పుడు మాత్రమే. గోడ మీద గీత కుదిరాక 002 గ్రూపు నొక్కితే ఆ స్థానాన్ని గుర్తుపెట్టుకుంటుంది. 01539 అప్పుడే పోతుంది. అంతకుముందు ఎన్నిసార్లు చెరిపినా మళ్ళీ వస్తుంది.

గోడ దగ్గరే చాలామంది ఆదరాబాదరాగా కానిచ్చేస్తారు. నేల మట్టంగా ఉండాలి. పెట్రోల్ బంకు ముందు సిమెంటు నేల చూడ్డానికి చదునుగానే ఉంటుంది కానీ వాన నీళ్ళు పోవడానికి వాలు పెట్టి ఉంటారు, అక్కడొద్దు. కళ్యాణమండపం సెల్లారో, నాపరాళ్ళు పరిచిన గోడౌనో దొరికితే మేలు. మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు అడిగి తెచ్చుకుని ముందు చక్రం దగ్గరా వెనక చక్రం దగ్గరా మట్టం చూసుకోండి. టైర్లలో గాలి సరిగ్గా, ట్యాంకు నిండుగా, డిక్కీ ఖాళీగా, డ్రైవర్ సీట్లో ఒక మనిషి, తలుపులన్నీ మూసి. సెట్టింగ్ నడుస్తుండగా ఎవరూ ఎక్కకూడదు, దిగకూడదు.

హెడ్‌లైట్ డబ్బా మీద 1.0% అనో 1.2% అనో అచ్చు ఉంటుంది. 1.0% అంటే పది మీటర్లకు పది సెంటీమీటర్లు దిగాలని. బండిని గోడకు ఐదు మీటర్ల దూరంలో నిలబెడితే ఐదు సెంటీమీటర్లు. లెన్స్ మధ్య బిందువు నేల నుంచి 65 సెంటీమీటర్లు ఉందనుకుంటే గోడ మీద 60 దగ్గర టేపు అంటించి, వెలుగు పై అంచును దానికి ఆనించాలి. అట్లా పెడితే ఆ అంచు రోడ్డును తాకేది 65 మీటర్ల దూరంలో. మీకిప్పుడు పదిహేనులోనే తాకుతోందంటే నాలుగు శాతం పైన వంగి ఉన్నట్టు.

ఇంకొకటి, మనం ఎడమ వైపు నడుపుతాం కాబట్టి అంచు కుడి వైపు చదునుగా ఉండి ఎడమ వైపు పైకి లేవాలి. మీ గీత కుడి వైపు లేస్తుంటే పాత యజమాని ఎక్కడో విదేశీ బండి లైట్లు తెచ్చి బిగించాడని అర్థం, దాన్ని ఏ స్క్రూ సరిచేయలేదు.

పెన్నా ఒడ్డు:
ఇంత తలనొప్పి ఎందుకు బ్రో, జెనాన్ పీకేసి ఎల్ఈడీ బల్బులు వేసెయ్. మా ఫ్రెండ్ వేశాడు, పట్టపగల్లా ఉంటుంది.

అనంత డీజిల్:
తమ్ముడూ, బల్బు మారిస్తే సెన్సర్ కడ్డీ అతుక్కోదు. లైట్లు అట్లాగే నేలచూపులు చూస్తాయి. పైగా ఆ ప్రొజెక్టరు జెనాన్ మెరుపు ఉండే చోటును లెక్కవేసి చేసినది, ఎల్ఈడీ చిప్ ఆ చోట అదే ఆకారంలో ఉండదు, కాబట్టి పట్టపగల్లా అనిపించేది బండి ముందు నాలుగు గజాలే, దూరం తగ్గిపోతుంది. మీ ఫ్రెండ్‌ను ఒక్కసారి ఎదుటి బండిలో కూర్చుని తన లైట్లు చూడమను.

ఒకవేళ బల్బే మార్చాల్సి వస్తే మీద రాసింది చదివి కొనండి. డీ1ఎస్, డీ3ఎస్ అని జెనాన్ బల్బుల్లో రకాలున్నాయి, ఒకదాని బదులు ఒకటి పనికిరావు, మొదటిది 85 వోల్టులకు, రెండోది 42కు. మార్చేటప్పుడు లైట్లు, ఇగ్నిషన్ రెండూ ఆఫ్‌లో ఉండాలి, వెలిగించే క్షణంలో బాలస్ట్ (బల్బుకు కరెంటు ఇచ్చే పెట్టె) 20 వేల వోల్టులకు పైగా ఇస్తుంది.

గండికోట గాలి:
చాలా థ్యాంక్స్ అన్నా ఇద్దరికీ. ఈరోజు పొద్దున టార్చి వేసి చూశాను. కడ్డీ కింద కొస బంతి కీలు నుంచి ఊడి ఆర్ముకు ఆనుకుని ఉంది, మొత్తం ఎర్రమట్టి పట్టి కనపడకుండా. బంతి దగ్గర ప్లాస్టిక్ పగిలింది. కడ్డీ ఒక్కటే విడిగా దొరుకుతుందట, ఆర్డర్ పెట్టాను, సెన్సర్ అంతా మార్చక్కర్లేదు. బిగించాక పని చేస్తోందో లేదో ఇంట్లోనే తెలుసుకునే మార్గం ఉందా? సెట్టింగ్‌కు కర్నూలు రమ్మన్నా వస్తాను.

బురుజు కింద:
ఉంది. చీకట్లో గోడకెదురుగా నిలబెట్టి ఇంజన్ స్టార్ట్ చేసి లైట్లు వేయండి. రెండు లైట్లూ ఒకసారి కిందకి దిగి పైకి లేచి ఆగాలి. ఒకటే కదిలితే రెండోదాని మోటారు చూడాలి. తర్వాత ఇంజన్ నడుస్తుండగానే ఇద్దరిని డిక్కీ అంచున కూర్చోబెట్టండి, గోడ మీద గీత లేచి కాసేపటికి మళ్ళీ దాదాపు అదే చోటికి దిగితే సెన్సర్ మాట వింటున్నట్టే. మలుపు సంగతి మాత్రం నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే తెలియదు, చాలా బళ్ళలో బండి కదిలితేనే లైటు తిరుగుతుంది. సుమారు 15 డిగ్రీల వరకు తిరగాలి, మీకెట్లాగూ గువ్వలచెరువు ఘాట్ ఉంది.

కర్నూలు వచ్చేటట్టయితే నంద్యాల దాటాక ఎక్కడైనా ట్యాంకు నింపించి, టైర్ల గాలి సరిచూసుకుని, సాయంత్రం చీకటి పడే వేళకు చేరుకోండి. వెనక సీటు మీద, డిక్కీలో సామాను ఏమీ లేకుండా రండి. వీసీడీఎస్ నా దగ్గర ఉంది.