హిమాలయన్ 450కి బూట్లు: ఆఫీసుకీ, నెల్లూరు ట్రిప్పుకీ ఒకే జత సరిపోతుందా? (సైజు 38, చెన్నై)

నెల్లూరు_టు_నావలూరు:

ఉండేది నావలూరు, ఆఫీసు సిరుసేరి సిప్కాట్. బండి హిమాలయన్ 450. నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలే కాబట్టి లో సీటు వేయించుకున్నా, 825 మి.మీ. నుంచి 805కి దిగింది. రోజూ ఆఫీసుకి తిరగడమే. సెలవులు కలిసొస్తే గుమ్మిడిపూండి, తడ, నాయుడుపేట మీదుగా నెల్లూరు. హెల్మెట్, జాకెట్, గ్లోవ్స్ అన్నీ మంచివే కొన్నా. కాళ్లకి మాత్రం ఇప్పటికీ స్పోర్ట్స్ షూసే.

మొన్న మా టీమ్‌లో అబ్బాయి పెట్రోలు బంకులో బండి తిప్పుతూ పడ్డాడు. స్పీడేం లేదు, నడిచేంత. బండి కాలి మీద పడి చీలమండ విరిగింది, ప్లేటు వేశారు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్తే మా అమ్మ బండి అమ్మేయమంటుంది.

అప్పట్నుంచి బూట్ల కోసం తిరుగుతున్నా. నా పాదం 23.5 సెం.మీ., ముందు వైపు వెడల్పు. జనరల్ పాటర్స్ రోడ్డులో ఏ షాపుకెళ్లినా "41 నుంచే ఉన్నాయి మేడం" అంటారు. ఒకాయనైతే రెండు జతల సాక్సులు వేసుకుంటే సరిపోతుందన్నాడు. చెన్నై మే నెలలో, రెండు జతలు!

మా తమ్ముడు శ్రీసిటీలో పనిచేస్తాడు, వాళ్ల ఫ్యాక్టరీ స్టీల్ టో సేఫ్టీ షూస్ నా సైజులో తెచ్చిస్తానంటున్నాడు. అవి చాలవా? లేదంటే పెరియమేట్‌లో కొలతలిచ్చి తోలు బూట్లు కుట్టించుకుంటే ఎలా ఉంటుంది? వాటర్‌ప్రూఫ్ కావాలా అక్కర్లేదా అన్నది ఇంకో గొడవ. బడ్జెట్ పదిహేను వేలు, మరీ మంచివైతే ఇంకాస్త సాగదీస్తా.

ఓఎంఆర్_గుంతలు:

సేఫ్టీ షూస్ వద్దండీ. నేను కొన్నాళ్లు వేసుకుని నడిపా. ముందు డొప్ప లావుగా ఉండి గేర్ లివర్ కింద దూరదు. ప్రతి సిగ్నల్ దగ్గరా బలవంతంగా కాలు దూర్చడమే పని. పైగా అవి చీలమండ కిందే ఆగిపోతాయి, మీ ఫ్రెండుకి విరిగింది దాని పైన కదా.

రాణిపేట_బుల్లెట్:

చెల్లెమ్మా, మాది చిత్తూరు. రాణిపేట పక్కన ఎగుమతి బూట్ల ఫ్యాక్టరీలో క్వాలిటీలో పనిచేస్తా. రోజంతా బూట్లు కోసి, వంచి, విరగ్గొట్టి చూసే ఉద్యోగం. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు సేఫ్టీ షూస్ సంగతి. ఐఎస్ 15298, అంటే మన దేశపు సేఫ్టీ షూస్ ప్రమాణం ప్రకారం బూటు ముందు డొప్ప 200 జౌల్స్ శక్తితో పడే దెబ్బని తట్టుకోవాలి. అంటే పైనుంచి ఇనుప ముక్క వేళ్ల మీద పడితే కాపాడాలని చేసింది. బండి అలా పడదు. పక్కకి ఒరుగుతుంది, కాలు కిందా బండి పైనా, మధ్యలో చీలమండ మెలితిరుగుతుంది. ఆ దెబ్బకి కావలసింది వేళ్ల దగ్గర ఇనుము కాదు, పక్కనుంచి నొక్కినా నలగని సోలు, చీలమండకి రెండు వైపులా గట్టి కప్పు.

ఇది ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా బూటు లోపలే రాసుంటుంది. టంగ్ వెనకో, పైఅంచు లోపలో ట్యాగ్ తిప్పి చూడు. బండి మీద మనిషి కూర్చున్న చిన్న బొమ్మ, ఈఎన్ 13634 (బైక్ బూట్లకి యూరప్ ప్రమాణం) అని, దాని కింద నాలుగు అంకెలు. ప్రతిదీ 1 గానీ 2 గానీ ఉంటుంది. మొదటిది బూటు ఎత్తు, రెండోది రోడ్డు మీద రాపిడి, మూడోది కోత, నాలుగోది పక్కల నుంచి నొక్కుడు. మొదటి అంకె 1 అని చూసి చాలామంది నాసిరకం అనుకుని పక్కన పెట్టేస్తారు. అది పొట్టి బూటు అని చెప్పడం, అంతే. "1 2 2 2" ఉన్న పొట్టి బూటు "2 1 1 1" ఉన్న పొడుగు బూటు కంటే నీ పనికి మేలు.

నాలుగో అంకె దగ్గర మాత్రం బేరాలొద్దు. బూటుని అడ్డంగా రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారు. 20 మి.మీ. లోపలికి పోవడానికి 1 కిలోన్యూటన్ పడితే లెవెల్ 1, 1.5 పడితే లెవెల్ 2. ఒకటిన్నర అంటే దాదాపు నూట యాభై కిలోల బరువు. నీ బండి 196 కిలోలు. ఇక నువ్వే లెక్కేసుకో.

ఇంకో మెలిక ఉంది. చీలమండ కప్పు పరీక్ష ఆ నాలుగు అంకెల్లో లేదు! అది విడిగా, ఐపీఏ అని రాసుంటేనే చేసినట్టు. "సీఈ సర్టిఫైడ్" (యూరప్ ప్రమాణాల ముద్ర) అని డబ్బా మీద పెద్ద అక్షరాలుండి, లోపల ఐపీఏ లేని బూట్లు బోలెడు. డబ్ల్యూఆర్ అని ఉంటే నీళ్ల పరీక్ష పాసైందని.

ట్యాగ్ లేకపోతే? బొటనవేళ్లతో చీలమండ దగ్గర రెండు వైపులా నొక్కు. స్పాంజి తగిలితే అది అలంకారం. తర్వాత ముందు భాగం ఒక చేత్తో, మడమ ఒక చేత్తో పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టు. నడవడానికి ముందువైపు వంగాలి, మెలి మాత్రం తిరగకూడదు. షాపువాడు గుర్రుగా చూస్తాడు, చూడనీ.

పెరియమేట్‌లో కుట్టించడం గురించి. తోలు విషయంలో వాళ్లకి వంకపెట్టను, షాపుల్లో దొరికేదాని కంటే మంచి ఫుల్ గ్రెయిన్, అంటే చెక్కని పైపొర తోలు, అక్కడ నీకు ముక్క చూపించి మరీ వేస్తారు. షాపులో "జెన్యూయిన్ లెదర్" అని ముద్రేసినవి చాలా వరకు కింది పొర, అంటే స్ప్లిట్. దాని మీద పూత పూసి మెరిపిస్తారు, రోడ్డు మీద ఈడిస్తే పూత ముందు పోతుంది. కానీ నడకకి కుట్టే బూటులో సోలు మధ్య ఉక్కు పట్టీ సన్నగా ఉంటుంది, చీలమండ కప్పు అచ్చు వాళ్ల దగ్గర ఉండదు. అందంగా ఉంటుంది, కాలు మాత్రం విరుగుతుంది. రైడింగ్ బూటుకి సోలు ఊడితే అతికించడానికి మాత్రం పెరియమేటే పో.

సైజు: సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బాక, రోజూ వేసుకునే సాక్సులతో కొలువు. రెండు కాళ్లూ కొలువు, పెద్దదాన్ని లెక్కపెట్టు. 23.5 అంటే 37, 38 మధ్య. ఇటలీ కంపెనీల లాస్ట్, అంటే బూటు కుట్టే పాదం అచ్చు, చాలావాటికి సన్నగా ఉంటుంది, నీ వెడల్పుకి 38 అడుగు. ఒక సైజు పెంచితే పొడుగు పెరిగి మడమ లోపల జారుతుంది, అప్పుడు కప్పు చీలమండ మీద కాకుండా పక్కన కూర్చుంటుంది. అందుకే ఆ రెండు సాక్సుల సలహా ఇచ్చినాయనకి ఒక దండం.

కోరమంగళ_క్లచ్:

అక్కా, నాదీ 38 సైజే. బెంగళూరులో కూడా ఇదే కథ. మగవాళ్ల బూట్లలో చిన్న సైజు కోసం వెతకడం మానేసి ఆడవాళ్ల మోడల్స్ అని ప్రత్యేకంగా అడగండి. ఆల్పైన్‌స్టార్స్‌లో స్టెల్లా పేరుతో వస్తాయి, టీసీఎక్స్‌లో కూడా ఉన్నాయి. షాపులో ఉండవు, ఆర్డర్ పెడితే తెప్పిస్తారు. సరిపోకపోతే మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి. మన పిక్క కాస్త కిందే లావెక్కుతుంది కాబట్టి మగవాళ్ల పొడుగు బూటు జిప్పు సగంలో ఆగిపోతుంది. ఆఫీసుకి కూడా అంటున్నారు కాబట్టి చీలమండ పైకి ఓ అరజానెడు వచ్చే పొట్టి బూటు చాలు.

వాటర్‌ప్రూఫ్ మీద నా అభిప్రాయం: చెన్నైకి వద్దు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కురుస్తుంది, మిగతా నెలలంతా లోపల చెమట. పొట్టి బూటులోకి నీళ్లు పైనుంచే దిగుతాయి, దిగాక లోపలి వాటర్‌ప్రూఫ్ పొర వాటిని బయటికి పోనివ్వదు, ఆఫీసు దాకా కాలు బకెట్లో పెట్టినట్టే. గాలి ఆడే బూటు కొని, రెయిన్ ప్యాంటు బూటు మీదకి వచ్చేలా వేసుకోండి.

ఇంకోటి, లేసులుంటే ముడి లోపలికి దోపే జాగా ఉందో చూడండి. ఎడమ కాలి లేసు గేర్ లివర్‌కి తగులుకుంటే సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టలేరు.

నెల్లూరు_టు_నావలూరు:

అందరికీ థాంక్స్. రాణిపేట అన్నా, మీ పోస్టు చదివి షాపులో ట్యాగులు తిప్పుతుంటే సేల్స్ అబ్బాయి నేనేదో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చాననుకున్నాడు. సీఈ అని రాసున్న ఓ జతకి నిజంగానే ఐపీఏ లేదు.

ఇప్పుడు రెండు దారులు. ఒకటి ఆర్డర్ మీద కొత్తవి, 1 2 2 2, ఐపీఏ, వచ్చేసరికి నెలపైనే. రెండోది, ఒకమ్మాయి అవే బూట్లు 38 సైజు సగం ధరకి అమ్ముతోంది. కొని రెండేళ్లు అయిందట, ఒక్కసారే వేసుకుందట, డబ్బాలోనే ఉన్నాయి. ఫోటోలో కొత్తవాటిలా మెరుస్తున్నాయి. తీసుకోనా?

రాణిపేట_బుల్లెట్:

అక్కడే ఆగు. వాడకుండా డబ్బాలో ఉండటమే అనుమానం. సోల్లో పీయూ, అంటే పాలీయురెథేన్, ఉంటే చెన్నై గాలిలో తేమకే లోపల్లోపల కుళ్లుతుంది. పైకి తోలు మెరుస్తూనే ఉంటుంది. వేసుకుని నాలుగడుగులు వేస్తే సోలు పొడిపొడిగా రాలుతుంది. రోజూ వాడే బూటు కంటే దాచిపెట్టిన బూటుకే ఇది ఎక్కువ.

ఆ అమ్మాయిని సోలు అడుగు ఫోటో పంపమను. చాలా సోళ్ల మీద చిన్న గుండ్రటి ముద్ర ఉంటుంది, చుట్టూ నెలల అంకెలు, మధ్యలో బాణం, సంవత్సరం. ఆమె కొన్నది రెండేళ్ల కిందటే అయినా సోలు పోసింది ఇంకా ముందు కావచ్చు. ఫోటో ఇక్కడ పెట్టు, చూసి చెప్తా. డబ్బులు మాత్రం అప్పటిదాకా పంపొద్దు.