గురక మిషన్ పెట్టుకుంటే గుండెల్లో మంట తగ్గుతుందా?

ప్రశ్న (కావలి నుంచి ఒక సభ్యురాలు):
మా ఆయనకు యాభై దాటాయి. రొయ్యల గుంటలు చూసుకుంటారు. మేత చెక్ ట్రేలు చూసి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుని ఇంటికొచ్చేసరికి రాత్రి పది దాటుతుంది. చేపల పులుసు ఉంటే అన్నం ఇంకో రెండు ముద్దలు ఎక్కువే. తిన్న వెంటనే పడక. అర్ధరాత్రి గుండెల్లో మంటతో లేచి కూర్చుంటారు, నోట్లోకి పుల్లటి నీళ్లు వస్తున్నాయంటారు. యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర వాడుతున్నారు. పగలు బాగానే ఉంటుంది, రాత్రి మాత్రం మళ్లీ మామూలే. గురక సంగతి చెప్పక్కర్లేదు. మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఒక్కసారిగా ఉలిక్కిపడి గాలి పీలుస్తారు, నాకు టెన్షన్. మా తోడికోడలి అన్నకు గురకకు సీపాప్ మిషన్ పెట్టాక గ్యాస్ట్రిక్ కూడా తగ్గిందంట. గురకకూ కడుపుకూ సంబంధం ఏంది?

జవాబు (నెల్లూరు, నిద్ర పరీక్షలు చేసే టెక్నీషియన్):
సంబంధం ఉందక్కా. మీరు చెప్పినవి స్లీప్ ఆప్నియా (నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగే జబ్బు) లక్షణాల్లాగే ఉన్నాయి, పరీక్ష చేయిస్తేనే ఖాయంగా తెలుస్తుంది. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. గాలి లోపలికి పోకపోయినా ఛాతీ మాత్రం పీల్చడానికి గింజుకుంటూనే ఉంటుంది. ఆ గింజులాటలో ఛాతీ లోపల ఒత్తిడి బాగా పడిపోతుంది, కింద పొట్టలో మాత్రం పడిపోదు. స్ట్రాతో మజ్జిగ లాగినట్టు కడుపులోది పైకి రావచ్చు. పైగా నిద్రలో మనం మింగడం తక్కువ, లాలాజలం ఊరడం తక్కువ. అందుకని పైకొచ్చిన యాసిడ్ కిందికి పోకుండా అన్నవాహికలో ఎక్కువసేపు నిలుస్తుంది. పగలు లేని మంట రాత్రి ఉండటానికి ఇదొక కారణం.

సీపాప్ మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూస్తుంది. ఆ ఒత్తిడి మామూలుగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం. గింజులాట ఆగుతుంది. ఛాతీలో ఒత్తిడి కాస్త పెరగడంతో అన్నవాహిక అడుగున ఉండే బిగింపు కండరానికీ ఆసరా దొరుకుతుంది. అందువల్ల చాలామందికి రాత్రి మంట తగ్గుతుంది. అందరికీ తగ్గుతుందని మాత్రం చెప్పలేను. పొట్ట, బరువు రెండు జబ్బులకూ మూలం కావచ్చు, అది అలాగే ఉంటే మిషన్ ఒక్కటే ఎంతని చేస్తుంది?

ముందు నిద్ర పరీక్ష చేయించండి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, తగ్గింది అని లెక్క వస్తుంది. 5 నుంచి 15 లోపు తక్కువ స్థాయి, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 ఆపైన తీవ్రం. పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టరు) దగ్గరికో, ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికో వెళ్లండి. పగలు బండి నడిపేటప్పుడు కునుకు వస్తుందేమో కూడా అడగండి. హైవే మీద తిరిగే మనిషికి మంట కన్నా ఆ కునుకే ప్రమాదం.

జవాబు (ఒంగోలు):
అన్నా, నాకు రివర్సు. మిషన్ పెట్టిన కొత్తల్లో తెల్లారేసరికి పొట్ట ఉబ్బరం, ఒకటే తేన్పులు. మంట తగ్గడం సంగతి దేవుడెరుగు.

నెల్లూరు టెక్నీషియన్:
అది గాలి మింగడం వల్ల వస్తుందన్నా. ఒత్తిడి అవసరానికి మించి ఉన్నా, మాస్కు సరిగ్గా కూర్చోకపోయినా, నోరు తెరుచుకుంటున్నా రావచ్చు. ఒత్తిడి సవరిస్తారు, లేదా పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఇచ్చే బైపాప్ పెడతారు. సెట్టింగు మీరే మార్చుకోకండి, మిషన్‌లో రాత్రి లెక్కలు నమోదయ్యే మెమరీ కార్డు ఉంటే తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

జవాబు (ఉదయగిరి, మందుల షాపు):
చెల్లెమ్మా, పాంటోప్రజోల్ ఆయన ఎప్పుడు వేసుకుంటున్నారు? తిన్నాక వేసుకుంటే పని తక్కువ, తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. రాత్రి మంట ఉన్నవాళ్లకు కొందరికి డాక్టర్లు సాయంత్రం భోజనానికి ముందుకు మారుస్తారు, అడిగి చూడండి. మిషన్ వచ్చింది కదా అని మాత్ర సొంతంగా ఆపొద్దు.

తల కింద దిండ్లు పేర్చడం వల్ల లాభం లేదు. నడుం దగ్గర ఒంగి పొట్ట నొక్కుకుంటుంది. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తండి. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే యాసిడ్‌కు మంచిది, వెల్లకిలా కాకుండా పక్కకు పడుకుంటే చాలామందికి గురక కూడా తగ్గుతుంది. మద్యం, నిద్రమాత్రలు అటు మంటకూ ఇటు గురకకూ చెరుపే.

మింగడం కష్టమవుతున్నా, నల్లటి విరేచనం అయినా, రక్తం వాంతి అయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. చెమటలతో ఛాతీ నొప్పి వస్తే గ్యాసే అనుకుని సోడా తాగిస్తూ కూర్చోకండి, నేరుగా ఆస్పత్రికి పోయి ఈసీజీ తీయించండి. షాపుకొచ్చి "గ్యాస్ మాత్ర ఇవ్వు" అని అడిగేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

కావలి సభ్యురాలు:
ఆయన తిన్నాకే వేసుకుంటున్నారు! రేపటి నుంచి మార్పిస్తా. కరెంటు పోతే మిషన్ సంగతి? మాస్కులో ఊపిరాడకపోతే?

నెల్లూరు టెక్నీషియన్:
మాస్కుకు గాలి బయటికి పోయే రంధ్రాలు ఉంటాయి. నోరూ ముక్కూ రెండూ మూసే రకానికి మిషన్ ఆగితే బయటి గాలి వచ్చే కవాటం కూడా విడిగా ఉంటుంది, కాబట్టి ప్రాణభయం లేదు. మెలకువ వచ్చి తీసేస్తారు, అంతే. ఇన్వర్టర్ మీద నడుస్తుంది. ఎక్కువ కరెంటు తినేది గాలికి తేమ ఇవ్వడానికి నీళ్లు వేడిచేసే భాగం, ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు అది ఆపేయండి. అందులో మీ ఉప్పు బోరు నీళ్లు మాత్రం పోయొద్దు, డిస్టిల్డ్ వాటర్ వాడాలి. కొనేముందు కొన్నాళ్లు అద్దెకు ఇస్తారేమో అడగండి. రాత్రికి కనీసం నాలుగు గంటలైనా పెట్టుకోలేకపోతే డబ్బు దండగ.

ఇంకోటి, పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం అయిపోవాలి. మిషన్ ఉన్నా లేకున్నా ఇది తప్పదు.

కావలి సభ్యురాలు:
అట్లయితే క్యారియర్ ఏడింటికే గుంట దగ్గరికి పంపిస్తా. పులుసు పగలు వండుతా, గొణుక్కుంటే గొణుక్కోనీ. పరీక్షకు వెళ్లే రోజు ఏమన్నా జాగ్రత్తలు ఉన్నాయా?

నెల్లూరు టెక్నీషియన్:
తలకు నూనె పెట్టొద్దక్కా, పరీక్షకు తలకు అంటించే వైర్లు అతుక్కోవు. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ వద్దు, పగలు కునుకు తీయొద్దు. రోజూ వేసుకునే మాత్రల చీటీ వెంట తెచ్చుకోమనండి.